పోలిష్ జోకులో కనిపించే ఆ మనిషి ఎవరు?

అమెరికాలో ఉంటున్న ఒకరు ఇలా అడిగారు: "1970ల నాటి అమెరికన్ టీవీ హాస్య ధారావాహికలు చూస్తుంటే పోలాండ్ వాళ్లంటే బుర్రలేనివాళ్లన్నట్టుగా జోకులు వస్తున్నాయి. మన దగ్గర సర్దార్జీ జోకులు ఎలాగో అవీ అలాగే ఉన్నాయి. ఇవి హిట్లర్ కాలపు ప్రచారం నుంచి పుట్టాయని కొందరు, చదువులేని కూలీలు వలస రావడం వల్ల పుట్టాయని కొందరు అంటున్నారు. ఏది నిజం?"

రెండింటిలోనూ కొంత నిజం ఉంది, కాని ఏ ఒక్కటీ మీరు చూసిన జోకును పూర్తిగా వివరించలేదు. షికాగోలో చాలాకాలం ఉద్యోగం చేసి, అక్కడి పోలిష్ కుటుంబాలతో కలిసిమెలిసి తిరిగి, ఈ విషయం మీద దొరికినదల్లా చదివినవాడిగా నా అభిప్రాయం ఏమిటంటే, ఇక్కడ మూడు వేర్వేరు దారాలు ఒకే ముడిలో పడ్డాయి. వెర్రివాళ్ల కథ అనే అతి పాత జానపద సరుకు ఒకటి, జర్మన్ ప్రాంతాలలో పోలాండ్ గురించి పాతుకుపోయిన చిన్నచూపు ఒకటి, అమెరికన్ కర్మాగారాలలో పోలిష్ కూలీకి దక్కిన స్థానం ఒకటి. వీటిని విడదీయకుండా మూలం వెతికితే తప్పుడు చోటికే చేరుతాం.

ముందుగా జోకు సంగతి. పరమానందయ్య శిష్యులు ఏరు దాటి ఒడ్డున నిలబడి తలలు లెక్కపెట్టుకునే కథ మనందరికీ తెలిసిందే. లెక్కపెట్టే ప్రతివాడూ తనను తాను మరిచిపోతాడు కాబట్టి ఒకడు ఏట్లో కొట్టుకుపోయాడని అందరూ కలిసి ఏడుస్తారు. ఇంగ్లండులో ఇదే కథ గోథమ్ అనే ఊరివాళ్ల మీద శతాబ్దాలుగా నడుస్తోంది. తూర్పు ఐరోపా యూదుల యిద్దిష్ కథలలో ఇటువంటి తెలివితక్కువ పెద్దమనుషులంతా ఖెలం అనే ఊళ్లో ఉంటారు, ఆ ఊరు నిజంగానే నేటి పోలాండ్ తూర్పు అంచున ఉంది. అక్కడ నవ్వులపాలయ్యేది పోలిష్ జాతి కాదు, యూదులు తమలో తామే చెప్పుకుని నవ్వుకున్న ఒక ఊహా లోకం. అంటే కథ ముందునుంచీ ఉంది, అందులోని వెర్రివాడి పేరు మాత్రమే ఊరిని బట్టి మారుతూ వచ్చింది. విద్యుద్దీపం మార్చడానికి ఎంతమంది పోలిష్‌వాళ్లు కావాలి అన్న ప్రసిద్ధమైన ప్రశ్న 1960ల చివర అమెరికాలో వ్యాపించింది. ఒకడు దీపం పట్టుకుంటే నలుగురు బల్లను తిప్పుతారు కాబట్టి అయిదుగురు అన్నది దాని జవాబు. అందులో దీపం కొత్తది, తెలివితక్కువతనం మాత్రం పరమానందయ్య శిష్యుల నాటిదే. ఇటువంటి జోకులో వినేవాడికి పోలాండ్ గురించి ఒక్క ముక్క కూడా తెలియనవసరం లేదు. రాజధాని పేరు తెలియనివాడు కూడా హాయిగా నవ్వగలడు.

అందుచేత అడగవలసిన ప్రశ్న ఒకటే: ఆ ఖాళీ పీట మీద అమెరికాలో పోలిష్ మనిషినే ఎందుకు కూర్చోబెట్టారు?

జర్మన్ మూలం గురించి చెప్పేవారి వాదనను తేలికగా తీసిపారేయడానికి లేదు. 1772, 1793, 1795 సంవత్సరాలలో జర్మన్ రాజ్యమైన ప్రష్యా, రష్యా, ఆస్ట్రియా మూడు దఫాలుగా (రెండో దఫా ఆస్ట్రియా లేకుండా) పోలాండ్‌ను పంచుకున్నాయి. ఆ తరువాత 123 ఏళ్లపాటు, అంటే 1918 దాకా, ఐరోపా పటంలో ఆ దేశమే లేదు. పక్కవాడి ఇంటిని ఆక్రమించినవాడు ముందుగా చెప్పే మాట ఒకటుంటుంది, "వాడికి ఇల్లు నడుపుకోవడం చేతకాదు" అని. ప్రష్యా రాజు రెండో ఫ్రెడరిక్ పోలిష్‌వారిని ఉత్తర అమెరికాలోని ఇరక్వా ఆదివాసులతో పోల్చి, వారికి నాగరికత నేర్పడం తన పని అన్నట్టు రాశాడు. 1784లో అప్పటి పోలాండ్-లిథువేనియా రాజ్యంలోని విల్నియస్‌లో ఆచార్య పదవికి వచ్చిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త గియోర్గ్ ఫోర్‌స్టర్ తన ఉత్తరాలలో వాడిన "పోల్నిషె విర్ట్‌షాఫ్ట్", అంటే పోలిష్ సంసారం, అన్న మాట కాలక్రమంలో జర్మన్‌లో మురికికీ, అస్తవ్యస్తానికీ, దుబారాకూ మారుపేరుగా నిలిచిపోయింది. తమాషా ఏమిటంటే, ఈ మాట పుట్టే నాటికి ఆ చేతకాని దేశంలోనే, 1773లో, ఐరోపాలో తొలి విద్యా మంత్రిత్వ శాఖగా చాలామంది చరిత్రకారులు లెక్కించే జాతీయ విద్యా సంఘం ఏర్పడి ఉంది. 1791 మే 3న ఆ దేశ సభ ఆమోదించిన రాజ్యాంగం పొరుగు రాజులకు ఎంత భయం కలిగించిందంటే, రెండేళ్లు తిరగకుండానే రెండో పంపకం జరిగింది.

పందొమ్మిదో శతాబ్దపు రెండో సగంలో ఈ చిన్నచూపు ప్రభుత్వ విధానమైంది. బిస్మార్క్ కాలంలో ప్రష్యా తన పోలిష్ జిల్లాలలో కార్యాలయాల నుంచీ బడుల నుంచీ పోలిష్ భాషను వరుసగా తొలగించింది, 1885 నుంచి పౌరసత్వం లేని సుమారు 30 వేల మందిని సరిహద్దు దాటించింది, 1886లో పోలిష్‌వారి భూములు కొని జర్మన్ రైతులకు ఇవ్వడానికి ఒక సంఘాన్నే నెలకొల్పింది. 1901లో వ్జెష్న్యా అనే పట్టణంలో ప్రార్థనలను జర్మన్‌లో చెప్పబోమన్న బడిపిల్లలను ఉపాధ్యాయులు బెత్తాలతో కొట్టారు. తన భాషలో నోరు తెరవనివ్వని చోట పిల్లవాడు మొద్దులా కనిపించడంలో ఆశ్చర్యమేముంది?

నాజీలు ఈ పాత సరుకును జాతి సిద్ధాంతంగా మలిచారు, తరువాత సిద్ధాంతానికి తగ్గట్టుగా మనుషులను తయారు చేయాలని చూశారు. 1940 మేలో నాజీ నాయకుడు హిమ్లర్ రాసిన పత్రం ప్రకారం ఆక్రమిత తూర్పు ప్రాంతాలలోని పిల్లలకు 500 దాకా లెక్కపెట్టడం, తమ పేరు రాయడం, జర్మన్లకు లోబడి ఉండటం దైవాజ్ఞ అని తెలుసుకోవడం వస్తే చాలు, చదవడం కూడా అక్కరలేదు. అంతకు ముందే, 1939 నవంబరు 6న, క్రాకోవ్ విశ్వవిద్యాలయ ఆచార్యులను ఉపన్యాసం పేరిట ఒకచోటికి పిలిచి 180 మందికి పైగా నిర్బంధించారు. తెలివిలేని జాతి అని నిజంగా నమ్మినవాడికి ఆ జాతి ఆచార్యులంటే అంత భయం ఉండదు.

పోలిష్ అశ్వికులు కత్తులు, బల్లేలు పట్టుకుని జర్మన్ ట్యాంకుల మీదికి ఉరికారన్న కథ మీరు విని ఉంటారు. అది రెండో ప్రపంచ యుద్ధపు తొలిరోజు ఘటన నుంచే పుట్టింది. 1939 సెప్టెంబరు 1న క్రొయాంటి గ్రామం దగ్గర ఒక అశ్విక దళం జర్మన్ పదాతి దళం మీద దాడి చేసి దానిని చెదరగొట్టింది, ఆ తరువాత సాయుధ వాహనాలు వచ్చి కాల్పులు జరపడంతో నష్టపోయి వెనుదిరిగింది. తరువాత అక్కడికి వచ్చిన విలేఖరులకు గుర్రాల కళేబరాలను చూపించి ట్యాంకుల మీద దాడి అని చెప్పారు. నాజీ ప్రచారం ఈ కథను వాడుకుంది, యుద్ధం తరువాత సోవియట్ పక్షం కూడా పాత పోలిష్ సైనికాధికారుల బుద్ధిహీనతకు ఉదాహరణగా దీనినే వాడుకుంది. అదే పోలాండ్‌లో 1932 చివర మరియన్ రెయెవ్‌స్కీ, ఆయన సహచరులు యెజీ రుజిత్స్కీ, హెన్రిక్ జిగాల్‌స్కీ అనే ముగ్గురు యువ గణితజ్ఞులు జర్మన్ సైన్యపు ఎనిగ్మా యంత్రపు రహస్య సంకేతాలను ఛేదించి, 1939 జులైలో వార్సా దగ్గర ఆ రహస్యాన్ని బ్రిటిష్, ఫ్రెంచ్ వారి చేతిలో పెట్టారు. అది దశాబ్దాలపాటు రహస్యంగానే ఉండిపోయింది, గుర్రాల కథ మాత్రం లోకమంతా తిరిగింది.

ఇంతా చెప్పి కూడా, అమెరికన్ జోకు నాజీ ప్రచారం నుంచి దిగుమతి అయిందన్న మాటను నేను ఒప్పుకోను. కారణం విషయంలోనే ఉంది. జర్మన్ వెటకారంలో పోలిష్ మనిషి ప్రధానంగా అస్తవ్యస్తుడు, దుబారా మనిషి, తరువాతి కాలంలో దొంగ. అమెరికన్ జోకులో అతడు తెలివితక్కువవాడు, అంతే. దొంగతనానికి చురుకుదనం కావాలి, మొద్దుతనం పనికిరాదు. పైగా జర్మన్లు తమ దేశంలో తెలివితక్కువ జోకులు చెప్పుకునేది సొంత వాయవ్య తీరపు ఈస్ట్ ఫ్రీజియా ప్రజల మీద. కాబట్టి అమెరికాలో పీట ఎలా ఖాళీ అయిందో అమెరికాలోనే వెతకాలి.

1870ల నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఇరవై లక్షలకు పైగా పోలిష్ భాషీయులు అమెరికా చేరారు. ఆ వలసకు వారు పెట్టుకున్న పేరు "జా ఖ్లెబెమ్", అంటే రొట్టె కోసం. అంతకు ముందు అమెరికన్లకు తెలిసిన పోలిష్‌వారు వేరు: స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడి 1779లో సవానా దగ్గర ప్రాణాలిచ్చిన పులాస్కీ, వెస్ట్ పాయింట్ కోటను తీర్చిదిద్దిన కొష్చూష్కో. ఇప్పుడు వచ్చినవారు ఆస్ట్రియా ఏలిన గలీషియా, రష్యన్ పోలాండ్ పల్లెల రైతుకూలీలు. వారి తాతలు, కొందరి తండ్రులు కూడా జమీందారు భూమికి కట్టుబడిన వెట్టివారే. ఆస్ట్రియా భాగంలో వెట్టి 1848లో, రష్యా భాగంలో 1864లో మాత్రమే రద్దయింది. ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. పోలిష్ రైతును మొద్దు అని పిలవడం మొదలుపెట్టింది పరాయివాడు కాదు. పోలిష్ కులీనులు తాము ప్రాచీన సర్మేషియన్ వీరుల సంతతి అనీ, పొలం దున్నేవాడిది వేరే రక్తమనీ శతాబ్దాలపాటు నమ్మారు. కాబట్టి అమెరికాలో పోలిష్ మనిషికి అంటిన ముద్ర నిజానికి ఒక జాతి ముద్ర కంటే ముందు ఒక వర్గపు ముద్ర, పల్లెటూరివాడి మీద పట్నం వేసే ముద్ర. దాన్ని ఓడలో ఎవరూ ప్రత్యేకంగా తేనక్కరలేదు, పట్నం ఉన్న ప్రతి చోటా అది తయారుగా ఉంటుంది. మన పాత సినిమాలలో తెలంగాణ యాసను రౌడీలకూ నౌకర్లకూ కేటాయించిన తీరును గుర్తుచేసుకుంటే ఈ మాట ఇంకా వివరించనవసరం లేదు.

వచ్చినవారు పెన్సిల్వేనియా బొగ్గు గనులలో, పిట్స్‌బర్గ్ ఉక్కు కొలుములలో, షికాగో కబేళాలలో, తరువాత డెట్రాయిట్ కార్ల కర్మాగారాలలో అన్నిటికంటే బరువైన, మురికైన పనులకు కుదిరారు. ఇంగ్లీషు రాని మనిషికి మేస్త్రీ సైగలతో పని చెప్పేవాడు, ఆ మనిషి తప్పు చేస్తే అది భాష తెలియనందువల్ల కాక బుర్ర లేనందువల్ల అని తేల్చేవాడు. వారి భాషలో "పోలాక్" అంటే పోలాండ్ మనిషి, అందులో ఏ నిందా లేదు. అదే మాట అమెరికన్ ఇంగ్లీషులో తిట్టు అయింది. తన పేరే తిట్టుగా మారిన మనిషి ఆ తిట్టుకు ఎలా బదులివ్వాలి? షికాగోలో నాతో పనిచేసిన ఒక పెద్దాయన తాతగారు గలీషియా నుంచి వచ్చి కబేళాలో చేరారట. మేస్త్రీకి నోరు తిరగక తాతగారి ఇంటిపేరును మూడు అక్షరాలకు కత్తిరించాడనీ, జీతం చీటీ మీద అదే ఖాయమైందనీ ఆయన నవ్వుతూ చెప్పేవారు. మనవడు పూర్తి పేరును కోర్టు ద్వారా తిరిగి తెచ్చుకున్నాడు, జీవితాంతం ఫోనులో దాన్ని అక్షరం అక్షరం చెప్పుకుంటూనే గడిపాడు.

చదువుకున్నవారు ఈ ముద్రకు పుస్తకాల రూపం ఇచ్చారు. తరువాత దేశాధ్యక్షుడైన వుడ్రో విల్సన్ 1902 నాటి తన అమెరికా చరిత్రలో ఇటలీ, హంగరీ, పోలాండ్‌ల నుంచి వచ్చే కూలీలకు నైపుణ్యమూ చురుకైన తెలివీ లేవని రాశాడు, 1912 ఎన్నికలలో ఆ మాటలు బయటికి రావడంతో వలస సంఘాలకు సంజాయిషీలు చెప్పుకోవలసి వచ్చింది. 1901లో అధ్యక్షుడు మెకిన్లీని కాల్చిన చోల్గోష్ అమెరికాలోనే పుట్టినా, పత్రికలు అతని పోలిష్ ఇంటిపేరునే పట్టుకున్నాయి. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసినవి మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో సైన్యం జరిపిన బుద్ధి పరీక్షలు. ఇంగ్లీషు చదవలేనివారి కోసం బొమ్మల పరీక్ష పెట్టి, టెన్నిస్ మైదానం బొమ్మలో లోపించిన వల ఎక్కడో, గ్రామఫోను బొమ్మలో లోపించిన గొట్టం ఎక్కడో గీయమన్నారు. జన్మలో టెన్నిస్ చూడని గలీషియా రైతు దానిలో తప్పితే బుద్ధి తక్కువ అని రాసుకున్నారు. ఆ అంకెల ఆధారంగా ప్రిన్స్‌టన్ మనస్తత్వ శాస్త్రవేత్త కార్ల్ బ్రిగమ్ 1923లో పోలాండ్, ఇటలీ, రష్యాల వలసదారులను అట్టడుగు వరుసలో నిలబెట్టాడు. అమెరికాలో ఎక్కువ ఏళ్లు ఉన్నవారికి ఎక్కువ మార్కులు వస్తున్నాయని ఆ అంకెలే చెబుతున్నా, పరీక్షలో తప్పుందని ఆయనకు తోచలేదు. కొత్తగా వచ్చేవారి రక్తమే నాసిరకం అని తేల్చాడు. 1930లో తన నిర్ధారణలను తానే వెనక్కు తీసుకున్నాడు, కాని ఈలోగా 1924 వలస చట్టం వచ్చి, 1921 చట్టం కింద ఏడాదికి సుమారు 30 వేలుగా ఉన్న పోలాండ్ కోటాను 6 వేల లోపుకు దించేసింది.

ఇక్కడ ఒక చిక్కుముడి ఉంది. ముద్ర ఇంత పాతదైనా, పోలిష్ జోకు అనే ప్రత్యేకమైన సరుకు అమెరికా అంతటా వెల్లువెత్తింది 1960లలో. జోకుల పుస్తకాలు, కప్పుల మీద రాతలు, టీవీ హాస్యం అన్నీ ఆ దశాబ్దంలోనూ తరువాతి దశాబ్దంలోనూ వచ్చినవే. అప్పటికి ఆ కబేళా కూలీ మనవలు ఇళ్లు కొనుక్కున్నారు, పిల్లలను కళాశాలలకు పంపుతున్నారు, ఆదాయంలో అమెరికన్ సగటుకు ఏమీ తీసిపోవడం లేదు. నిరక్షరాస్యులుగా ఉన్నప్పుడు ఇంతగా రాని జోకు, అక్షరాస్యులయ్యాక ఎందుకు వచ్చింది? "చదువులేని కూలీలు కాబట్టి" అన్న జవాబు ఇక్కడే కూలిపోతుంది.

జానపద విద్వాంసుడు అలన్ డండెస్ 1971లో ఇచ్చిన వివరణ నాకు చాలావరకు నచ్చుతుంది. పౌర హక్కుల ఉద్యమం తరువాత చదువుకున్న తెల్లవారికి నల్లవారి మీద జోకు వేయడం సిగ్గుచేటయింది. పేదవాడు, మురికివాడు, మొద్దు అన్న లక్షణాలు మాత్రం నవ్వుకోవడానికి ఇంకా కావలసి ఉన్నాయి. వాటిని శ్రామిక వర్గపు తెల్లవాడి నెత్తిన పెడితే జాతి వివక్ష అన్న నింద రాదు. బ్రిటిష్ సామాజిక శాస్త్రవేత్త క్రిస్టీ డేవిస్ దీనిని ప్రపంచవ్యాప్తంగా పరిశీలించి మరో సూత్రం చూపించాడు: తెలివితక్కువ జోకు పూర్తిగా పరాయివాడి మీద పుట్టదు, తనకు దగ్గరగా ఉండి అంచున నిలబడినవాడి మీద పుడుతుంది. ఇంగ్లీషువారికి ఐరిష్‌వారు, ఫ్రెంచివారికి బెల్జియన్లు, స్వీడన్‌వారికి నార్వేవారు, కెనడావారికి న్యూఫౌండ్లండ్ వారు, బ్రెజిల్‌వారికి పోర్చుగీసువారు అలాగే అయ్యారు. ఈ జంటలలో ద్వేషం పెద్దగా లేకపోయినా జోకు ఉంటుంది, ఘోరమైన ద్వేషం ఉన్న అనేక జంటలలో ఈ రకం జోకు ఉండదు. 1960ల పోలిష్ అమెరికన్ సరిగ్గా ఈ కొలతకు సరిపోయాడు. తెల్లవాడే, క్రైస్తవుడే, పొరుగింటివాడే, కాని కేథలిక్, కర్మాగారం మనిషి, నోరు తిరగని ఇంటిపేరు. డేవిస్ ద్వేషం పాత్రను మరీ తక్కువ చేశాడని నాకు అనిపిస్తుంది, బడిలో ఆ జోకు పడిన పిల్లవాడికి అది అంచు, కేంద్రం అన్న సిద్ధాంతంలా వినిపించదు కదా. అయినా సర్దార్జీ జోకు మనకు ఎందుకు ఉందో ఈ సూత్రం చెప్పినంత బాగా మరేదీ చెప్పదు.

1971లో సీబీఎస్ టీవీలో మొదలైన ఒక ధారావాహికలో మామగారు పోలిష్ మూలాలున్న అల్లుణ్ణి "పోలాక్" అన్న ఆ తిట్టుమాటతోనే పిలిచేవాడు. మీరు చూసినది బహుశా అదే. అక్కడ రచయితలు వెక్కిరించదలచింది మామగారి సంకుచితత్వాన్నే, కాని లక్షల ఇళ్లలో జనానికి గుర్తుండిపోయింది ఆ మాటే. 1972లో ఏబీసీ ప్రసారం చేసిన ఒక కార్యక్రమంలోని పోలిష్ జోకుల మీద, 1944లో ఏర్పడిన పోలిష్ అమెరికన్ కాంగ్రెస్ బదులు చెప్పే సమయం కోరుతూ ప్రసార నియంత్రణ సంస్థకు, ఆపైన న్యాయస్థానానికి వెళ్లింది. 1975లో షికాగోలోని అప్పీలు కోర్టు ఆ కోరికను కొట్టివేసింది. మన సుప్రీంకోర్టు 2017లో సర్దార్జీ జోకుల పిటిషన్ మీద, ప్రజల ప్రవర్తనకు తాము మార్గదర్శకాలు జారీ చేయలేమని దాదాపు ఇదే దారిలో వెళ్లింది.

కోర్టు చేయలేని పనిని వార్తలు చాలావరకు చేశాయి. 1978 అక్టోబరు 16న క్రాకోవ్ ఆర్చిబిషప్ కరోల్ వోయ్‌తివా పోప్ అయ్యాడు. 1980 ఫిబ్రవరిలో రోనాల్డ్ రీగన్ ఎన్నికల బస్సులో, కోడిపందేలకు బాతును తెచ్చే పోలిష్‌వాడి జోకు ఒకటి చెప్పి ఇబ్బందుల్లో పడ్డాడు. అదే ఏడు ఆగస్టులో గ్దాన్స్క్ ఓడల కర్మాగారంలో సమ్మె జరిగి, సాలిడారిటీ సంఘం పుట్టి, ఏడాదిలో కోటి మందిని చేర్చుకుంది. అధ్యక్షుడయ్యాక రీగనే ఆ కార్మికుల కోసం అమెరికన్లను కిటికీలో కొవ్వొత్తి వెలిగించమని కోరాడు. ఓవర్‌ఆల్ వేసుకున్న పోలిష్ కార్మికుడు సోవియట్ సామ్రాజ్యాన్ని ఎదిరిస్తుంటే అతణ్ణి మొద్దు అని నవ్వడం కష్టమైంది.

ఐరోపాలో మాత్రం కథ వేరుగా నడిచింది. 1989 తరువాత సరిహద్దులు తెరుచుకోగానే జర్మనీలో "ఈ రోజు దొంగిలిస్తే రేపు పోలాండ్‌లో" అన్న ప్రాసతో కార్ల దొంగ జోకులు వచ్చాయి, ముందు చెప్పిన జర్మన్ ధార ఇదే. 2005లో ఫ్రాన్స్‌లో ఐరోపా రాజ్యాంగంపై రెఫరెండం సందర్భంగా "పోలిష్ ప్లంబర్" దిష్టిబొమ్మ అయ్యాడు, తక్కువ కూలికి వచ్చి మన పని లాక్కుంటాడని. అమెరికన్ జోకులో దీపం మార్చడం రాని మనిషే ఇక్కడ మరీ బాగా పని చేస్తాడని భయపెట్టాడు. పోలిష్ పర్యాటక శాఖ దానికి ఇచ్చిన సమాధానం నాకు ఇష్టం: రెంచి పట్టుకున్న అందగాడి పోస్టరు వేసి, "నేను పోలాండ్‌లోనే ఉంటాను, మీరే ఎక్కువమంది రండి" అని ఫ్రెంచ్‌లో రాయించింది.

ఇక పోలాండ్‌లో పోలిష్‌వారు ఏ జోకులు చెప్పుకుంటారని కూడా మీరు అడగవచ్చు. వారి బడిపిల్లల జోకులలో సగం "ఒక పోలిష్‌వాడు, ఒక జర్మన్, ఒక రష్యన్" అని మొదలవుతాయి. సైతాను ముగ్గురికీ పరీక్ష పెడతాడు, మిగతా ఇద్దరూ ఓడిపోతారు, పోలిష్‌వాడు ఏదో కంత్రీ ఉపాయంతో గట్టెక్కుతాడు. మరి మొద్దు పీట ఖాళీగా ఉంటుందా అంటే ఉండదు. దాని మీద దేశం మధ్యలోని వొంహొత్స్క్ అనే చిన్న ఊరి గ్రామపెద్దను కూర్చోబెట్టారు. ఆ ఊరివాళ్లు కోపం తెచ్చుకోకుండా ఆ పెద్దకు ఒక విగ్రహం కట్టుకున్నారు.